బోర్డు కింద చుక్క

"ఆ గ్యాసు పైపు పగిలితే ఎలాగే? పగలక్కర్లేదు, కాస్త కారినా చాలదూ? ఊపిరాడక నువ్వు ఆ తొట్టి పక్కన పడిపోతే చూసేవాళ్లెవరు? కనీసం ఆ తలుపైనా తీసి పెట్టుకోవచ్చు కదా!"

మా అమ్మాయి ఐసు మెషిన్ కింద వెల్లకిలా పడుకుని ఉంది. నాకు దాని కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఇంకా గ్యాసే ఎక్కించలేదమ్మా. ఇప్పుడు పైపు పగిలితే వచ్చేది గాలి. గాలి పీల్చి ఎవరూ పోరు."

"పోయినవాళ్లంతా గాలి పీల్చినవాళ్లే."

కాళ్లు కదిలాయి. నవ్వుతోందని బొటనవేళ్లు చూస్తేనే తెలిసిపోయింది.

"మీ అమ్మ సంగతి కొత్తా నీకు?" అన్నారు మా ఆయన గుమ్మంలో బండి ఆపి. "పెళ్లయిన రోజు నన్ను అడిగిన మొదటి మాట, మీకు ఈత వచ్చా అని. రాదన్నాను. ఇరవై అయిదేళ్లుగా ఆవిడ కలలో మునుగుతూనే ఉన్నాను."

మా ఆయన తోపుడుబండి మీద ఫ్యాక్టరీల నుంచి పడవలకు ఐసు దిమ్మలు చేరవేస్తారు. మా ఇంట్లో నవ్వు ఆయన వంతు, భయం నా వంతు. ఆ వేసవిలో నేను భయపడ్డ వాటిలో ఒక్కటీ జరగలేదు. జరిగింది మాత్రం నాకు తట్టనే లేదు.

ఆ మెషిన్ మా తమ్ముడిది. అయిదేళ్లుగా రేవు చివర షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని పడి ఉంది. ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే పని నేర్చిన మా అమ్మాయి, ఎండలు మొదలవగానే ఒక రోజు నేరుగా వాళ్ల మామయ్య దగ్గరకు వెళ్లి తాళంచెవి అడిగింది. తమ్ముడు ఇప్పుడు గట్టు మీద కూర్చుని చిరిగిన వలలు అల్లుతుంటాడు. ఒక్క ప్రశ్న వేయలేదు. నడుముకు కట్టుకున్న తాడు విప్పి తాళంచెవి చేతిలో పెట్టాడు. అన్నేళ్లూ అది అతని ఒంటి మీదే ఉందని నాకు తెలియదు. నేను నాలుగడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాను. నా వైపు చూడలేదు.

"గ్యాసు పైపు కొత్తదే, మూసేసే ముందే మార్చాను. భయపడేవాళ్లుంటే చెప్పమ్మా," అన్నాడు వలతో.

"కొత్తవి పగలవా అని అడగవే," అన్నాను నేను సముద్రంతో.

మాకు మాటల్లేవు. అయిదేళ్లుగా లేవు.

రేవులో ఐసు ఫ్యాక్టరీలు మూడే. గేటు పక్కన పెద్ద ఫ్యాక్టరీ, నడుమ మాది, మలుపులో మూల ఫ్యాక్టరీ. సముద్రంలోకి వెళ్లే ప్రతి పడవా ఆ మూడింట్లో ఒకచోట ఐసు ఎత్తుకోవాల్సిందే. ఎండాకాలంలో ఐసు లేని పడవకు చేపలు పడ్డా ఒకటే, పడకపోయినా ఒకటే. మాది అన్నాను గానీ, అందులో నాది సుద్దముక్క ఒక్కటే. ఏడో తరగతి దాకా చదివాను. అక్షరం గుండ్రంగా ఉంటుందని బోర్డు పని ఇచ్చారు. రేవంతా నన్ను రాతమ్మ అంటారు. చేతిరాత బాగున్నవాళ్లందరికీ తలరాత కూడా బాగుండాలని ఎక్కడా లేదు.

పని చిన్నదే. పొద్దున అయిదున్నరకు పెద్ద ఫ్యాక్టరీ గేటు ముందు నుంచి నడిచి వెళ్లాలి. వాళ్ల బోర్డు మీద దిమ్మ ధర ఎంతుందో చూడాలి. ఆగకూడదు, అడగకూడదు, చూడాలంతే. వెనక్కి వచ్చి మా బోర్డు మీద అదే రాయాలి. పది నిమిషాలకు మూల ఫ్యాక్టరీ గుమస్తా దాని ముందు నుంచి నడిచి వెళ్తాడు. చూసి, వాళ్ల బోర్డు మీద అదే దించుకుంటాడు. ఆరున్నరకల్లా మూడు బోర్డులకూ ఒకే అంకె.

ముగ్గురు యజమానులకూ ఒకరంటే ఒకరికి పడదు. దారిలో ఎదురైతే కారు అద్దాలు ఎత్తుకుంటారు. మాటల్లేవు. కానీ ధర దగ్గరకొచ్చేసరికి ముగ్గురిదీ ఒకే మాట.

ఇంకొకటి ఉంది. అది నాకెవరూ చెప్పలేదు, చూసి చూసి నేనే పట్టుకున్నాను. పెద్ద ఫ్యాక్టరీ బోర్డు మీద అంకె కింద అప్పుడప్పుడు సుద్దతో చిన్న చుక్క ఉండేది. మొదట్లో చెయ్యి తగిలి పడిందనుకున్నాను. చుక్క పడ్డ మర్నాడు ధర మారుతుందని రెండో ఏట తెలిసింది. చుక్క ఉందని వచ్చి చెబితే మా యజమాని తలూపేవాడు. "చూసింది చూసినట్టు రాయమ్మా," అనేవాడు. ఆయన నోట పదకొండేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. నేను చుక్క కూడా దించేదాన్ని.

మా తమ్ముడు మెషిన్ పెట్టిన ఏడాది దిమ్మ ఎనభై. వాడు అరవై అయిదుకు ఇచ్చాడు. వారానికి చుక్క పడింది. మర్నాడు నలభై. నలభై ఒక్క రోజులు నలభై. ఆ నలభై ఒక్క రోజులూ ఆ అంకెను నా చేత్తో రాశాను. నలభై రెండో రోజు తమ్ముడి షెడ్డుకు తాళం పడింది, బోర్డు మీద నూరు పడింది. ఆ నూరు కూడా నేనే రాశాను. ఇప్పుడది నూట ఇరవై.

అందుకే మాటల్లేవు.

మా అమ్మాయి మెషిన్ నడిచిన రోజు, అచ్చుల్లోంచి మొదటి దిమ్మ జారి చెక్క మీద పడినప్పుడు ఆ చప్పుడుకు నేను చెవులు మూసుకున్నాను. పేలిందనుకున్నాను. కళ్లు తెరిస్తే దిమ్మ అద్దంలా ఉంది. దాని వెనక మా అమ్మాయి మొహం వంకరగా, పెద్దగా కనిపించింది.

"తొంభైకి ఇస్తున్నా," అంది. "తొంభైకి ఇస్తే కరెంటు పోను నేనూ బతుకుతాను, పడవలవాళ్లూ బతుకుతారు. డెబ్బైకి దిగితే కరెంటుకే చాలదు."

"అంతకంటే కిందకి దింపుతారు వాళ్లు."

"ఎంతకి దింపుతారు?"

"నువ్వు చచ్చేదాకా."

"అమ్మా, నువ్వు ఆశీర్వదిస్తే ఇలాగే ఉంటుందా?"

వేలం అత్త రెండో రోజే వచ్చింది. ఆవిడవి రెండు పడవలు, పొద్దున చేపల వేలం పాడేది కూడా ఆవిడే. కేకలేసి కేకలేసి, చెవిలో చెప్పే గుట్టు కూడా అవతలి గట్టుకు వినపడేలా చెబుతుంది. దిమ్మను గోటితో గీరి చూసింది.

"ఏమే పిల్లా, ఇది ఐసేనా, నీ మొగుణ్ని కొట్టడానికి చేసుకున్న బండా? కరగదేం?"

"మొగుడు లేడత్తా. ఉన్నప్పుడు చూద్దాం."

"తొంభైయేనా? ఇరవై వెయ్యి!"

ఇరవై వేసుకుంది. సాయంత్రానికి మిగతా పడవలూ వచ్చాయి. మా ఆయన బండి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆ వారం మా ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడారు, ఒకరి మాట ఒకరు వినకుండా. నేను మాత్రం రోజూ పొద్దున పెద్ద ఫ్యాక్టరీ బోర్డు మీద అంకె కిందే చూసేదాన్ని.

తొమ్మిదో రోజు చుక్క పడింది.

ఆ మాట మా యజమానికి చెప్పలేక చెప్పాను. ఆయన టీ గ్లాసు దించి, "ఆ షెడ్డులో మీ అమ్మాయేనటగా?" అన్నాడు.

"అవునండీ."

"తెలివైన పిల్ల. మన దగ్గర చేరమని చెప్పు, కంప్రెసర్లు చూసుకుంటుంది." టీ గ్లాసు మళ్లీ ఎత్తి, "నువ్వు మాత్రం చూసింది చూసినట్టు రాయి," అన్నాడు.

మర్నాడు యాభై అయిదు. కన్నకూతురి మీద రాస్తున్నానని తెలిసే రాశాను. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. నేను కప్పనూ కాదు పామునూ కాదు, ఆ రెండింటి మధ్య సుద్దముక్క పట్టుకున్నదాన్ని. జీతం పోతే ఆ షెడ్డు అద్దె ఎవరు కడతారని నాకు నేనే చెప్పుకున్నాను. చేతిలో అంకె మాత్రం పదకొండేళ్లలో మొదటిసారి వంకర తిరిగింది.

మూడు రోజుల్లో షెడ్డు ముందు ఎవరూ లేరు. చేసిన దిమ్మలు ఊకలో పడుకుని కరుగుతున్నాయి. వేలం అత్త పెద్ద ఫ్యాక్టరీ నుంచి బండి నింపుకుని మా అమ్మాయి ముందు నుంచే వెళ్తూ, మొహం తిప్పుకోలేదు. అది ఆవిడ మంచితనం.

"కోపం తెచ్చుకోకు పిల్లా. వాడు సగానికిస్తుంటే నీ దగ్గరికెందుకొస్తాను? నేనేమైనా నీకు మేనత్తనా?"

"అత్తా అని పిలుస్తున్నా కదా!"

"పిలుపులకి ఐసు రాదే తల్లీ," అని వెళ్లిపోయింది.

మా అమ్మాయి ఊరుకోలేదు. ఇలాంటి ధరల సంగతి చూసే ఆఫీసు ఒకటి ఉందని ఎవరో చెబితే అర్జీ పెట్టింది. అర్జీ పెట్టిన పదో రోజున ఒక ఆఫీసరు వచ్చాడు, చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయి. మూడు ఫ్యాక్టరీల్లోనూ కాగితాలు చూశాడు. మా ఆవరణలో నన్ను కూడా పిలిచాడు. మా యజమాని పక్కనే కుర్చీలో ఉన్నాడు.

"మీ యజమాని మిగతా ఇద్దరినీ కలవడం ఎప్పుడైనా చూశారా అమ్మా?"

"లేదండీ."

"ఫోన్లో మాట్లాడుకోవడం?"

"వినలేదండీ."

"మనుషుల్ని పంపడం, చీటీలు రాసుకోవడం?"

"అలాంటిదేం లేదండీ."

అన్నీ నిజాలే. ఆ తర్వాత ప్రశ్న నాకు తెలుసు: మరి ధర ఒకటే ఎలా అవుతుంది? జవాబు నాలుక చివరే ఉంది. ఆయన అది అడగలేదు. ఫైలు మూసి మంచినీళ్లు అడిగాడు. చల్లటి నీళ్లు తెచ్చి ఇచ్చాను. అడగలేదు కదా అని ఊరుకున్నాను.

అప్పటిదాకా నేను చెప్పిన ఏ అబద్ధమూ ఆ నిజాలంత చెడుపు చేయలేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో జరిగింది చెప్పాను. మా ఆయన కూడా నవ్వించలేదు. మా అమ్మాయి చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంది. గోళ్ల సందుల్లో కూడా తుడుచుకుంది.

"మామయ్యకి నీ మీద అంత కోపం ఎందుకో ఇన్నాళ్లూ అర్థం కాలేదమ్మా," అంది చివరికి. "ఇప్పుడైంది."

అరిచినా బాగుండేది.

మర్నాడు పొద్దున అయిదున్నరకే వెళ్లాను. పెద్ద బోర్డు మీద యాభై అయిదు. కింద చుక్క లేదు. అంటే రేపూ ఇంతే. తిరిగి వచ్చేసరికి మా యజమాని కుర్చీలో ఉన్నాడు.

"ఏం చూశావు?"

"యాభై అయిదండీ."

"రాయి మరి. చూసింది చూసినట్టు."

తడిగుడ్డతో బోర్డు తుడిచాను. యాభై అయిదు రాశాను. సుద్దముక్క ఇంకా చేతిలోనే ఉంది. బోర్డు కింద సగం ఖాళీగా ఉంది, ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. అక్కడ ఇంకో రెండు వరుసలు రాశాను.

"ఈ ధర చిన్న మెషిన్ మూతపడే దాకానే. పోయినసారి నలభై ఒక్క రోజులు, ఆ మర్నాడు నూరు."

అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. గేటు బయట పెట్టి వచ్చాను. రోజూ పెట్టినట్టే.

మా యజమాని టీ తాగి, పేపరు చదివి, బయటకు వెళ్లేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటలో నేను అచ్చుల పక్కన కూర్చుని, ఆయన పోలీసుల్ని పిలవడం దగ్గర నుంచి మా ఇంటి కప్పు ఎగిరిపోవడం దాకా అన్నీ అనుకున్నాను. అవేవీ కాకుండా ఆయన లోపలికి వచ్చాడు, చేతిలో బోర్డు తుడిచి తెల్లబడ్డ రుమాలుతో.

"ఏంటమ్మా ఇది?"

"చూసింది చూసినట్టు రాశానండీ."

"రేపట్నించి రావద్దు."

"ఇవాళ చుక్క లేదండీ. ధర మారదు. రేపు నాతో మీకు పనేముంది?"

అలా అన్నది నేనేనా అని ఇప్పటికీ అనుమానమే. సుద్దముక్క ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను.

బయటకు వచ్చాక గానీ అసలు సంగతి తెలియలేదు. మలుపు దగ్గర జనం మూగి ఉన్నారు. ఎవరో పకపకా నవ్వుతున్నారు. బండి పక్కన నిలబడి మా ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు.

"ఏమైందండీ? ఎవరికేమైంది?"

"అటు చూడు!"

మూల ఫ్యాక్టరీ బోర్డు. యాభై అయిదు. దాని కింద, సన్నటి వంకర అక్షరాల్లో, "ఈ ధర చిన్న మెషిన్ మూతపడే దాకానే..." మొత్తం రెండు వరుసలూ. ఒక్క పొల్లు కూడా తప్పలేదు. ఎన్నేళ్లుగానో మా బోర్డు మీద ఏముంటే అది దించడమే ఆ గుమస్తా పని. ఆయన చదవడు, దించుతాడు. దించేసి లోపలికి వెళ్లి కునుకు తీస్తున్నాడు. వాళ్ల యజమాని ఎనిమిదికి గానీ రాడు.

"పాపం, ఆయన ఉద్యోగం కూడా పోతుందేమో!" అన్నాను.

"నీ ఉద్యోగం పోయిందా?"

"ఆ."

"అయితే ఆ బాధ మధ్యాహ్నం పడదాం. ముందు రేవుకి పద."

వేలం అప్పుడే అయిపోయింది. పడవలవాళ్లు పాతికమంది గట్టు మీదే ఉన్నారు. అందరూ ఆ బోర్డు చదివినవాళ్లో, చదివించుకున్నవాళ్లో. కబురు ఎవరందించారో, మా అమ్మాయి షెడ్డు నుంచి పరిగెత్తుకొచ్చింది. నన్ను చూసింది. పక్కన వచ్చి నిలబడింది, భుజం తగిలేలా.

"ఏమే రాతమ్మా, పిచ్చెక్కిందా నీకు?" అని అరిచింది వేలం అత్త.

"ఎక్కలేదక్కా, దిగింది." అంతమంది ముందు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఏం చెప్పానో వరుసగా గుర్తు లేదు. చుక్క సంగతి చెప్పాను. ఎవరు ఎవరి బోర్డు చూస్తారో చెప్పాను. ఆ నలభై, ఆ నూరు, ఈ యాభై అయిదు, అన్నీ ఈ చేత్తోనే రాశానని చెప్పాను. చెయ్యి ఎత్తి చూపించాను కూడా, సుద్ద ఇంకా అంటుకునే ఉంది. తమ్ముడు గట్టు చివర వల అల్లుతూనే ఉన్నాడు. తల ఎత్తలేదు.

అప్పుడు మా అమ్మాయి ముందుకొచ్చింది.

"నాది తొంభై. తగ్గించలేను. వాళ్లది యాభై అయిదు. ఇంకా దింపుతారు కూడా. ఈ వేసవి అయ్యేదాకా మీరు తెలిసి తెలిసి ఎక్కువ పెట్టి నా దగ్గర కొనాలి. దయతో వద్దు. నేను మూసేస్తే వచ్చే వేసవికి మీరు ఎంత పెట్టాలో అమ్మ చెప్పింది కదా. కొంటారా?"

ఒకాయన బీడీ వెలిగించుకోబోయి ఆగాడు. ఇంకొకాయన సముద్రాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. ఈ నిమిషంలో పిల్ల మనసు విరిగిపోతే మళ్లీ అతకదని నాకు భయం పట్టుకుంది.

వేలం అత్త గిరుక్కున గట్టు చివరకు తిరిగింది.

"నువ్వు చెప్పవయ్యా, వలలాయనా! మునిగినవాడికే లోతు తెలుస్తుంది. ఈ మెషిన్ నిలబడుతుందా? నువ్వు నిలబడుతుందంటే నా రెండు పడవలకీ ఇక్కడే ఐసు. నువ్వు కాదంటే నేను యాభై అయిదుకే పోతాను, నన్నెవరూ ఏమీ అనకూడదు."

"మేమూ అంతే," అన్నారు వెనక నుంచి. "ఆయన మాట మీదే."

తమ్ముడి చేతిలో సూది ఆగిపోయింది.

అయిదేళ్లలో వాడు ఆ మెషిన్ ఊసెత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. లేచి వెళ్లిపోతాడనే అనుకున్నాను. నా మీద కోపంతోనైనా కాదంటాడనుకున్నాను. కాదంటే తప్పు కూడా కాదనుకున్నాను. మా ఆయన బండి మీద మిగిలిన దిమ్మ ఒకటి ఎండకు కారుతోంది. ఆ నీళ్లు రాళ్ల మీద పడే చప్పుడు అందరికీ వినపడుతోంది. మా అమ్మాయి వేళ్లు నా చెయ్యి పట్టుకున్నాయి. గ్రీజు, సుద్ద కలిసి జిగటగా అయ్యాయి. వాడు వల మీద చూపు తిప్పలేదు. ఒక ముడి వేసి బిగించాడు. ఇంకో ముడి మొదలుపెట్టి వదిలేశాడు.

"అక్కా," అన్నాడు.

ఎవరిని పిలుస్తున్నాడా అని నేను వెనక్కి చూశాను.

"నేనప్పుడు కొనమని ఎవర్నీ అడగలేదు. సిగ్గేసింది. ఈ పిల్ల అడిగింది." అప్పుడు తలెత్తి, నా మొహంలోకి చూశాడు. "షెడ్డు తలుపు మీద తొంభై అని రాయి. అవతలి గట్టుకి కనపడాలి, పెద్దగా రాయి."

సూది మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"చుక్క మాత్రం పెట్టకు."